రెండు పేర్ల ఫైలు

లక్డారం జంగయ్యకు కంప్యూటర్ వచ్చన్న సంగతి ఊళ్ళో అందరికీ జంగయ్యే చెప్పుకున్నాడు. తొంభై ఆరులో పటాన్‌చెరు దగ్గరి ఒక మందుల ఫ్యాక్టరీలో యూనిక్స్ కంప్యూటర్ ముందు కూర్చునే కొలువు దొరికింది. ఏ మందుకు ఏది ఎంత పోయాలో, ఎంత వేడి దాటకూడదో చెప్పే ఫార్ములా ఫైళ్ళన్నీ అందులోనే ఉండేవి. అక్క మొగుడు యాదన్న అక్కడే మందు సరుకు ఉడికించే రియాక్టర్ మీద పనిచేసేవాడు. ఎదురుపడితే చాలు, బామ్మర్దిని కంప్యూటర్ సారని ఆటపట్టించేవాడు.

డిస్కు చిన్నది. నిండినప్పుడల్లా ఎవరో ఒకరు చూసుకోకుండా ఫైళ్ళు చెరిపేసేవారు. జంగయ్య దానికో ఉపాయం కనిపెట్టాడు. లింక్ అనే సిస్టమ్ కాల్‌తో చిన్న ప్రోగ్రాం రాసి, ప్రతి ఫార్ములా ఫైలుకూ వేరే డైరెక్టరీలో ఇంకో పేరు తగిలించాడు. ఒక పేరు చెరిపేసినా రెండో పేరుతో ఫైలు అలాగే ఉంటుంది. పైగా డిస్కులో చోటు తినదు. బావకు అర్థమయ్యేలా చెప్పాడు కూడా.

"ఇంట్ల నువ్వు యాదన్నవు, గేటు కాడ రిజిస్టర్ల చిన్నరాములువు. గేటు కాడ పేరు కొట్టేస్తే నువ్వేమన్న మాయమైతవా?"

ఒకసారి చెరిగిపోయిన ఫైలును రెండో పేరుతో తెరిచి చూపిస్తే మేనేజర్ రామలింగేశ్వరరావు భుజం తట్టాడు. ఇక జంగయ్య కాళ్ళు నేల మీద ఆనలేదు. రోజూ ఇంటికి పోయే ముందు ఫైళ్ళన్నిటికీ టేపు మీద నకలు తీయడం దండగ పని అని మానేశాడు.

ఇంతలో కొత్త మందు వచ్చింది. ముందు వట్టి నీళ్ళతో పరీక్ష చేయాలని మేనేజర్ జంగయ్య పక్కనే కూర్చుని, ఫైల్లో అరవై డిగ్రీలున్న హద్దును తొంభై చేశాడు. నీళ్ళకు తొంభై ఒక లెక్క కాదు. అసలు బ్యాచ్‌లో పోసేది సాల్వెంట్. అది అరవై దాటితే పొంగుతుంది, అంటుకుంటే మనిషి మిగలడు. మర్నాడు మేనేజర్ సంగారెడ్డికి బయల్దేరుతూ, అసలు బ్యాచ్‌కు దాచి ఉంచిన పాత ఫైలు నుంచి షీటు తీసి రియాక్టర్ దగ్గరికి పంపమన్నాడు. జంగయ్య రెండో పేరుతో ఉన్నదాన్ని ప్రింటు తీసి, కనీసం చూడకుండా బావ చేతిలో పెట్టాడు.

తిరిగొచ్చి ఊరికే డైరెక్టరీ తెరిచాడు. రెండు పేర్ల పక్కనా మార్పు జరిగిన సమయం ఒకటే, నిన్నటిది. తాను దాచింది నకలు కాదు, అదే ఫైలుకు ఇంకో పేరు. మేనేజర్ కొట్టిన తొంభై రెండింట్లోనూ కూర్చుంది. ఇది జంగయ్యకు తెలియని సంగతేం కాదు, తెలివికి పొగరు అడ్డమొచ్చిందంతే.

ఇంటర్‌కమ్ చేశాడు. మోటార్ల చప్పుడులో ఎవరూ ఎత్తలేదు. పరుగెత్తాడు. ఇనుప మెట్లెక్కేసరికి స్టీమ్ తెరిచే ఉంది, వేడి చూపే ముల్లు యాభై ఐదు దాటింది. షిఫ్టు ఇన్‌చార్జి నరసరాజు అడ్డం నిలబడ్డాడు. షీటులో తొంభై ఉంది, మేనేజర్ మాట లేకుండా బ్యాచ్ ఆపేది లేదన్నాడు. తప్పు ప్రింటరు మీదికి నెట్టేద్దామా అని జంగయ్యకు ఒక్క క్షణం అనిపించింది. అది చెప్తే ఇంకా వాదన పెరుగుతుంది.

"బావా, స్టీమ్ బంద్ చెయ్యి. అరవై దాటొద్దు. తప్పు నాదే."

యాదన్న ఎందుకని అడగలేదు. ఇన్‌చార్జి వైపు చూడలేదు. వాల్వు తిప్పేసి, చల్లనీళ్ళ వాల్వు తెరిచాడు. ముల్లు ఆగలేదు. యాభై ఏడు. యాభై తొమ్మిది. అరవై గీత దగ్గర ముల్లు కాసేపు వణికి, మెల్లగా కిందికి దిగింది.

జంగయ్య మెట్ల మీదే కూలబడి ఏడ్చాడు. యాదన్న వచ్చి పక్కన కూర్చుని, చేతులు తుడుచుకుని, నిదానంగా అన్నాడు.

"నాకు పేర్లే రెండు బామ్మర్ది. మీ అక్కకు మొగుడు ఒక్కడే."

జంగయ్య ఆ ఫ్యాక్టరీలో ఉన్నన్నాళ్ళూ మళ్ళీ టేపు మీద నకలు తీయకుండా ఇంటికి పోలేదు.