అత్తయ్య మందుచీటీకి తీసిన నకలు

బందరు దాకా వెళ్ళి, మందుల షాపు ముందు నిలబడి, చేతిలో కాగితం ఉండి కూడా మా అత్తయ్యకి మందు తేలేకపోయిన ఘనత నాది. ఆ రోజు వానా రాలేదు, బస్సూ చెడలేదు, జేబూ కొట్టెయ్యలేదు. అంతా నా చేతిరాత గొప్పతనం. చెప్తాను గాని, కాస్త నెమ్మదిగా నవ్వుకోండి.

యాభైల చివర్లో సంగతి. నాకు ఇరవై రెండేళ్ళు. చల్లపల్లిలో ఒక ఆఫీసులో నకళ్ళ గుమాస్తాగా చేరి రెండు నెలలైంది. నకళ్ళ గుమాస్తా అంటే దస్తావేజు చూసి, అక్షరం పొల్లుపోకుండా ఇంకో కాగితం మీదికి దించేవాడన్నమాట. అసలు కాగితం గడప దాటకూడదని మా హెడ్ గుమాస్తా గారు మొదటిరోజే నూరిపోశారు. నకలులో సొంత తెలివి చూపించకూడదట. ఎక్కడైనా అక్షరం అర్థం కాకపోతే ఊహించి రాయకుండా 'చదువ శక్యము కాలేదు' అని రాసి ఊరుకోవాలట. నాకు ఇవి ఎంత బాగా తలకెక్కాయంటే, ఇంటికి శుభలేఖ వచ్చినా నకలు తీసి దాచేవాణ్ణి.

అమ్మ పోయాక నన్ను పెంచింది మా మేనత్త. ఆవిడకి చక్కెర జబ్బు. రోజూ పొద్దున్నే నేనే ఇన్సులిన్ సూది వేసేవాణ్ణి. ఇప్పట్లా వాడి పారేసే సూదులు కావవి. గాజు సిరంజి, ఉక్కు సూది. మరగబెట్టి మళ్ళీ అవే వాడాలి. మందు సీసాని నీళ్ళకుండ పక్కన తడి ఇసుకలో పెట్టేవాళ్ళం. ఇంట్లో ఉన్నది ఒక్కటే సూది. ప్రతి ఆదివారం దాన్ని సానరాయి మీద నూరేవాణ్ణి. నూరగా నూరగా అది పొట్టిదైంది గాని పదునెక్కలేదు. గుచ్చేటప్పుడు అత్తయ్య మంచం పట్టె గట్టిగా పట్టుకుని కళ్ళు మూసుకునేది. నొప్పిగా ఉందా అంటే, చీమ కుట్టినట్టుందిరా, కానివ్వు అనేది. నేను నమ్మేవాణ్ణి. నమ్మితే నాకు హాయిగా ఉండేది మరి.

సీసాలో ఇంక రెండు పొద్దులకే మందు మిగిలిన రోజున డాక్టరు గారు కొత్త చీటీ రాసిచ్చారు. మందైనా సూదులైనా బందరు వెళ్ళి తెచ్చుకోవలసిందే. చీటీ చేతికి రాగానే నాలోని గుమాస్తా లేచి కూర్చున్నాడు. అసలు కాగితాన్ని బస్సులో తీసుకెళ్ళడమా? చెమటకి తడిసిపోతే? గాలికి ఎగిరిపోతే? ఆ సాయంత్రమే వరండాలో కూర్చుని, రూళ్ళు గీసి, గుండ్రటి అక్షరాలతో నకలు తీశాను. మందు పేరు వచ్చింది, సీసాలు రెండని వచ్చింది. సూదులు అన్నచోట ఎన్నో మాత్రం తేలలేదు. బురదలో కోడి నడిచినట్టు ఏదో గీత. మూడనుకుంటే మూడు, ఎనిమిదనుకుంటే ఎనిమిది. ఊహించకూడదు కదా, 'చదువ శక్యము కాలేదు' అని రాశాను. అడుగున 'అసలుకు సరియైన నకలు' అని చేర్చి, వ్రాసినవారు అన్నచోట సంతకం పెట్టాను. పోల్చినవారు అన్నచోట, అసలుతో సరిచూసి, ఇంకొకరు పెట్టాలి. ఇంట్లో ఉన్న ఆ ఇంకొకరు అత్తయ్యే.

"ఇదెందుకురా, డాక్టరు గారిచ్చిన కాగితం చాలదూ?" అంది.

"పద్ధతి అత్తయ్యా" అన్నాను.

నా మీద గౌరవంతోనో పద్ధతి మీద గౌరవంతోనో, ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని పెద్ద పెద్ద అక్షరాలతో సంతకం చేసింది. అసలు చీటీని ట్రంకు పెట్టెలో పెట్టి తాళం వేసి, తాళంచెవి మొలతాడుకు కట్టుకున్నాను.

మర్నాడు అత్తయ్యకి సూది వేసి, ఆ సూదినే నమూనాకని దూదిలో చుట్టుకుని, సెలవు పెట్టి బస్సెక్కాను. కోనేరు సెంటరు దగ్గర మందుల షాపు దేవదానం గారిది. పెద్దాయన నా కాగితాన్ని ముందుకీ వెనక్కీ తిప్పి, కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశారు.

"ఇది డాక్టరు గారు రాసిందేనా బాబూ?"

"కాదండీ, నేను రాసిందండి."

"అనుకున్నాను. ఇంత బాగా అర్థమయ్యే చీటీ నేనెప్పుడూ చూడలేదు. సరే, సూదులెన్ని కావాలి?"

"అందులో ఉన్నన్ని అండి."

"ఇందులో చదువ శక్యము కాలేదని ఉందే."

"అవునండి. కాలేదండి."

షాపులో ఉన్నవాళ్ళంతా తమ తమ జబ్బులు మరిచిపోయి నా చుట్టూ చేరారు. ఈ పోల్చినవారు ఎవరని ఆయన అడిగారు. మా అత్తయ్యండి, మందు ఆవిడకే అన్నాను. ఒకాయన నవ్వలేక బల్ల పట్టుకున్నాడు. దేవదానం గారు మాత్రం నవ్వు ఆపుకుని, మోతాదు తేడా వస్తే మనిషి పడిపోయే మందని, డాక్టరు రాత చూడకుండా ఇవ్వలేనని మెల్లగా చెప్పారు. ఎవరిచేతైనా కబురు పంపి అసలు చీటీ తెప్పించుకోమన్నారు. తాళంచెవి నా మొలతాడుకే ఉందని చెప్పేసరికి ఆయన కూడా కూర్చుండిపోయారు.

అప్పుడు నాకు భయం వేసింది. సీసాలో రేపటికే ఉందండీ అన్నాను. ఆయన నా సూది అందుకుని, మొనని తన అరచేతి మీద గీసి చూసుకున్నారు. ఆయన మొహంలో నవ్వు పోయింది.

"రోజూ దీంతోనేనా?"

"నొప్పి లేదంటుందండి."

ఆయన లోపలికెళ్ళి ఒక కొత్త సూది తెచ్చి నా చేతిలో పెట్టారు. సూదులు మద్రాసు నుంచి వచ్చే సరుకని, మిగతావి చీటీ చూసే ఇస్తానని, ఈ ఒక్కటీ అత్తయ్య కోసం తీసుకెళ్ళమని చెప్పారు.

మర్నాడు పొద్దున్న సీసాలో మిగిలిన చివరి మందుని కొత్త సూదితో వేశాను. అత్తయ్య అలవాటు ప్రకారం మంచం పట్టె పట్టుకుని, కళ్ళు మూసుకుని ఎదురుచూస్తోంది.

"కానివ్వరా, ఆఫీసుకి ఆలస్యమవుతుంది."

"అయిపోయింది అత్తయ్యా."

ఆవిడ కళ్ళు తెరిచి సిరంజి వైపు చూసింది, తర్వాత నా వైపు చూసింది. పట్టె మీది చేతిని మెల్లగా తీసేసింది. ఇన్నాళ్ళూ కుట్టిన ఆ చీమ ఎంతదో నాకప్పుడు తెలిసింది. ఏడుపు ఆగలేదు. పెద్దవాడివయ్యావు, ఏడుస్తావేంరా అని ఆవిడే కొంగుతో నా మొహం తుడిచింది.

ఆ పూటే అసలు చీటీ నాతోపాటు గడప దాటి బందరు చేరింది. దేవదానం గారు దాన్ని చూసీ చూడగానే పకపకా నవ్వారు. నేను అంకె అనుకుని సాయంత్రమంతా తన్నుకున్న చోట అసలు అంకే లేదట. 'కావలసినన్ని' అని ఇంగ్లీషు పొడి అక్షరాల్లో రాశారట డాక్టరు గారు. డజను సూదులు, రెండు సీసాలు కట్టిచ్చారు.

ఇంటికొచ్చి సంగతి చెప్తే అత్తయ్య నవ్వి నవ్వి మంచం మీద కూలబడింది. ఇంకెప్పుడూ ఇలా చెయ్యనని రాసివ్వమంది. రాసిచ్చాను: 'ఇకమీదట ఇంట్లోని ఏ కాగితానికీ నకలు తీయను. నొప్పి లేదని మా అత్తయ్య చెప్పిన మాటను పోల్చి చూడకుండా నమ్మను.' ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని, పోల్చినవారు అని తనే రాసుకుని సంతకం పెట్టింది.

"దేనితో పోల్చావు అత్తయ్యా?" అన్నాను.

"నీ మొహంతోరా" అంది.

ఆ ప్రమాణపత్రం ఇప్పటికీ ట్రంకు పెట్టెలోనే ఉంది. పైన మీరు చదివిన ఆ రెండు వాక్యాలు దాని నకలే. మాట తప్పానంటారా? ఏం చెయ్యనండీ, అసలు గడప దాటకూడదు కదా.