బుగ్గలో దాచిన మాత్ర

అమ్రోలీలో ఉండే నా స్నేహితురాలు పొద్దున్నే వాయిస్ మెసేజ్ పెట్టింది. తేదీ దాటిందట, నొప్పులు తెప్పిస్తామంటున్నారట, నోటి మాత్రా, జెల్లా, సెలైనా, ఏది మంచిదని అడిగింది. జవాబు చెప్పబోతూ నేను మా పాండేసరలో అక్క కాన్పు జరిగిన ఆ చిన్న ఆసుపత్రికి మనసులోనే వెళ్లిపోయాను.

అప్పుడు నేను కాలేజీ పిల్లను. తెలుగు రాని డాక్టరమ్మ హిందీలో చెప్పినదాన్ని అమ్మకూ అక్కకూ తెలుగులో చెప్పడం నా పని. నోటి మాత్ర కొంచెం కొంచెంగా వేస్తారనీ, లేచి తిరగొచ్చనీ, జెల్ గర్భసంచి ముఖద్వారం దగ్గరే పెట్టి మెత్తబరుస్తారు గానీ పెట్టాక వెనక్కి తీయడం కష్టమనీ, సెలైన్‌లో మందైతే ఎప్పుడంటే అప్పుడు ఆపొచ్చు గానీ ముఖద్వారం మెత్తబడ్డాకే బాగా పనిచేస్తుందనీ విని, ఒక్క పనికి ఇన్ని దారులా అని ఫోన్‌లో వెతుకుతూ కూర్చున్నాను.

నర్సు మాత్ర ఇచ్చి పక్క మంచం దగ్గరికి వెళ్లింది. మా గల్లీలో బట్టలకు రంగులేసే మిల్లు వేడికి సోలిపోయినవాళ్లు ఒక సెలైన్ బాటిల్ ఎక్కించుకుని మళ్లీ షిఫ్టుకు పోతారు కాబట్టి, అమ్మ లెక్కలో బాటిలే వైద్యం.

"గోలీతోని కాన్పైతదానే? మింగకు, దవడకు పెట్టుకో. నొప్పులు రాకుంటె వాళ్లే బాటిల్ ఎక్కిస్తరు," అని అక్క చెవిలో చెప్పింది. అక్క అమ్మ మాట ఎన్నడూ కాదనలేదు.

కాసేపటికి అక్క మాట ముద్దగా వస్తుంటే నోరు తెరిపించి చూశాను. మాత్ర సగం కరిగి ఉంది.

"అమ్మా, నీకు దిమాక్ ఉన్నదా అసలు?"

"నోర్మూయ్. ఇద్దర్ని కన్న నాకు నీ ఫోను నేర్పుతదా?"

ఫోన్‌లో చూస్తే బుగ్గలో పెట్టడం కూడా ఒక దారేనట. అలా ఎక్కిన మందు ఒంట్లో ఎక్కువసేపు ఉంటుందట. అది తెలియక నర్సు ఇంకో మాత్ర ఇస్తే నొప్పులు ఊపిరాడనివ్వకుండా వచ్చి బిడ్డ గుండె తట్టుకోకపోవచ్చు. అప్పటికే అక్క నడుం పట్టుకుని వంగిపోయింది.

"చెప్పకే, తిడ్తరు," అంటూ అమ్మ నా చేయి పట్టుకుంది.

"తిడితె తిట్టనీ. నా బిడ్డకేమన్నయితె? ఉరుకు చెల్లే," అంది అక్క.

నేను పరుగెత్తాను. డాక్టరమ్మ తిట్టలేదు. బిడ్డ గుండె చప్పుడు విని, తర్వాతి మాత్ర ఆపించి, మందు ఏ దారిన పోయినా అది తమకు తెలియాలని మాత్రం గట్టిగా చెప్పింది. సాయంత్రానికి ఆపరేషన్ లేకుండానే అక్కకు ఆడపిల్ల పుట్టింది.

ఆ రోజు నుంచి అక్క ఏ విషయమైనా ముందు డాక్టరునే అడుగుతుంది. అదే మంచిదని వాదించేదాన్ని నేనే, ఇప్పుడు స్నేహితురాలికి చెప్పబోయే జవాబూ అదే. కానీ ఈ మధ్య అక్క బిడ్డకు జ్వరమొస్తే, అమ్మ ఏ సలహా ఇవ్వకుండా తలుపు దగ్గరే నిలబడి, "డాక్టరేమన్నదే?" అని మెల్లగా అడిగింది. ఆ అడగడం చూసి, వార్డంతా తనదే అన్నట్టు చెవిలో సలహాలిచ్చిన ఆ పాత అమ్మ మీద నాకు బెంగ పుట్టింది.