ఎర్ర దుమ్ము

మా ఆయన ఎల్డన్ ప్రూయిట్ ముప్పై ఒక్క ఏళ్ళు కాలేజీలో తాళాలు బాగుచేశాడు. తలుపు ఎంత మెల్లగా మూసుకోవాలో, ఏ క్షణాన గడి పడాలో ఆయన చెవికి తెలుసు. ఆఖరి ఎనిమిదేళ్ళూ చొక్కా కింద, కుడి నడుం మీద పిస్తోలు పెట్టుకునే పనికి వెళ్ళాడు. లైసెన్సు ఉంది, కాలేజీ లోపల మోయవచ్చని టెక్సస్‌లో చట్టమూ ఉంది. ఎనిమిదేళ్ళలో అది ఒక్కసారి కూడా ఒరలోంచి బయటికి రాలేదు, మా వంటగది బల్ల మీదికి తప్ప.

రోజూ సాయంత్రం ఆరింటికి చెయ్యి కడుక్కోకముందే ఆ పని. తూటాలుండే మ్యాగజైన్ ఊడదీసి ఎడమ పక్కన పెట్టేవాడు. పిస్తోలు పైభాగం వెనక్కి లాగి నిలిపేవాడు. లోపలున్న ఒక్క తూటా అరచేతిలో పడేది. దాన్ని కుడి పక్కన, కొవ్వొత్తిలా నిలువుగా నిలబెట్టేవాడు. అప్పుడు నన్ను పిలిచేవాడు.

"వెర్నా, చూడవే."

"గ్రేవీ మాడిపోతోందయ్యా. రోజూ చూసేదే గదా!"

"రోజూ చూసేదే అనుకున్న రోజే కొంప మునిగేది. రా."

నేను వంగి చూసి, చిటికెన వేలు లోపల పెట్టి తడిమి, "ఖాళీ" అనేదాన్ని. ఆయన "ఖాళీయే" అనేవాడు. రెండు జతల కళ్ళు చూడందే అది ఖాళీ కాదని ఆయన లెక్క.

మోయడమంటే ఆయనకు సరదా లేదు, భయమే ఎక్కువ. ఒకప్పుడు కాలేజీ భోజనశాలలో ఒక లెక్కల మాస్టారు వడదెబ్బకి కూలబడ్డాడు. ఆయన నడుముకున్న పిస్తోలు నున్నటి గచ్చు మీద జారుకుంటూ వెళ్ళి పద్దెనిమిదేళ్ళ పిల్ల చెప్పుకు తగిలి ఆగింది. ఎల్డన్ అక్కడే తలుపు బిగిస్తున్నాడు. ఆ రాత్రి అన్నం ముట్టలేదు.

"మోసేవాడు పడిపోతే తుపాకీ ఎవరిదో తెలుసా?" అన్నాడు. "ముందు చెయ్యి పెట్టినవాడిది."

మార్చి సెలవుల్లో, మంగళవారం పగలు పదకొండింటికి, సంగీతం భవనంలో మెట్ల మీద ఆయనే పడిపోయాడు. గుండె. పియానో పాఠానికి మనవరాలిని తీసుకొచ్చిన ఒక తాత చూసి ఫోన్ చేశాడట. ఇంకో పది నిమిషాలు ముందు దొరికి ఉంటే బతికించేవాళ్ళమని డాక్టరు అన్నాడు. బట్టలు కాగితం సంచిలో పెట్టి నా చేతికిచ్చారు. బెల్టుకు ఒర అలాగే ఉంది. లోపల పిస్తోలు లేదు. తోలు మాత్రం ఇంకా దాని ఆకారంలోనే ఉబ్బి ఉంది, నొక్కినా అణగలేదు.

గురువారం పూడ్చిపెట్టాం. శుక్రవారం పొద్దున కాలేజీ పోలీసు సార్జెంటు లూపే అరెడోండో వచ్చింది. ఆవిడతోపాటు ఎల్డన్‌తో కలిసి పనిచేసిన డూలీ, చేతిలో పీచ్ పళ్ళ కేకుతో. లూపే టోపీ తీసి ఒళ్ళో పెట్టుకుంది.

"వెర్నమ్మా, ఆయన బండి, పనిగది, ఆ భవనంలో ప్రతి మరుగుదొడ్డీ వెతికాం. దొరకలేదు. ఆదివారానికి పిల్లలు తిరిగొస్తారు, నాలుగు వేలమంది. అందులో తూటాలున్నాయి గదా."

"ఎప్పుడూ ఉంటాయి" అన్నాను.

డూలీ నోరు ఆగదు. "ఏడాదికొకడు మర్చిపోతాడు వదినా. దొడ్డికి కూర్చునేముందు తీసి కాగితం చుట్ట పెట్టె మీద పెడతాడు, చెయ్యి కడుక్కుని ఈలేసుకుంటూ పోతాడు. పోయినేడు నేనే ఒకటి ఏరాను, ఉపన్యాసాలిచ్చే పెద్దమనిషిది! మన ఎల్డన్ ఆయన్ని ఎంత ఏడిపించాడని... చివరికి తనే..."

"డూలీ, నీ నోట్లో కేకు పెట్టుకో" అంది లూపే.

వాళ్ళు వెళ్ళాక కేకు మూతపెట్టి పక్కన పెట్టాను. ఎక్కడో ఆ వస్తువు నోరు తెరుచుకుని ఉంది, పిల్లలు వచ్చేస్తున్నారు. దొరికేది మరుగుదొడ్డిలో అయితే మా ఆయన పేరు ఇకమీదట డూలీ చెప్పే కథ. సాయంత్రం ఆరయింది. చిటికెన వేలు చల్లబడింది. ఇంట్లో ఎవరూ పిలవకపోయినా బల్ల దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను.

ఏం తోచక కాగితం సంచి విప్పాను. ఉతుకుదామని ప్యాంటు దులిపితే మోకాళ్ళ దగ్గర ఎర్రగా దుమ్ము రాలింది.

నేను ఆ కాలేజీ లోపలికి పట్టుమని పదిసార్లు వెళ్ళి ఉండను. కానీ దాని ప్రతి గదీ నా ఉతుకుతొట్టిలోకి వచ్చింది. ఆటల భవనమైతే తెల్లటి సుద్ద. గ్రంథాలయమైతే బూడిదరంగు మెత్తటి నూగు. బాయిలరు గదైతే నల్ల జిడ్డు, రెండుసార్లు నానబెట్టాలి. ఎర్ర ఇటుక దుమ్ము ఒక్కచోటిదే. సంగీతం భవనం కింద, నేలమాళిగలో, పాత టపా గది. ఒకప్పుడు పిల్లల ఉత్తరాలు వచ్చే ఇత్తడి పెట్టెలు అక్కడున్నాయి. ఇప్పుడు ఎవరికీ ఉత్తరాలు రావు. ఎల్డన్ మధ్యాహ్నం రొట్టె తిని ఆ పెట్టెల తాళాలు ఒక్కొక్కటీ బాగుచేసేవాడు, ఎవరూ అడగకుండానే.

లూపేకి ఫోన్ చేశాను. "ఆయన మెట్లు ఎక్కుతూ పడ్డాడు."

"అవునమ్మా, పై అంతస్తులో తలుపు పని ఉంది గదా."

"పైకి వెళ్తూ కాదు. కింద నుంచి వస్తూ."

శనివారం పది గంటలకు లూపే, నేను వెళ్ళాం. బయట గాలి, దుమ్ము, ఎండ. ఆవరణలో మనిషి లేడు. సంగీతం భవనంలో మేము అడుగు వేయకముందే ముందున్న దీపం వెలిగేది, దాటగానే వెనకది ఆరేది. తలుపులు మా వెనక ఒకే తీరుగా మూసుకున్నాయి, తొందర లేకుండా. పైన ఎవరో పిల్ల పియానో మీద ఒకే మెట్టు నొక్కుతోంది. ఆపుతుంది, మళ్ళీ అదే.

"ఈ గది తాళంచెవి మా దగ్గర లేదమ్మా. పదేళ్ళుగా ఎవరూ దిగలేదనుకున్నాం" అంది లూపే, నేలమాళిగ తలుపు ముందు ఆగి.

బట్టల సంచిలో వచ్చిన ఎల్డన్ గుత్తిలో బిళ్ళ లేని తాళంచెవి ఒక్కటే ఉంది. అది తిరిగింది.

గోడ నిండా ఇత్తడి తలుపులు, ఒక్కోదానికి అరచేయంత అద్దం. లూపే దీపం వేస్తే వెయ్యి కళ్ళు ఒక్కసారి మావైపు తిరిగినట్లయింది. నేల మీద ఎర్ర దుమ్ములో బూటు అడుగులు. వెళ్ళేవి తిన్నగా ఉన్నాయి. వచ్చేవి ఒక కాలు ఈడ్చినట్లున్నాయి. కింది వరసలో పెద్ద పెట్టె ముందు రెండు గుంటలు, మోకాళ్ళవి.

నేనూ అక్కడే మోకరించాను. అద్దంలోంచి ఏమీ కనిపించలేదు, నా ముఖమే. అదే తాళంచెవి దీనికీ పట్టింది, ఆయనే అలా అమర్చుకున్నట్లుంది.

"చెయ్యి పెట్టకమ్మా" అంది లూపే, చేతి తొడుగులు వేసుకుంటూ.

"పెట్టను. చూడనీ."

ఎడమ పక్కన మ్యాగజైన్. మధ్యలో పిస్తోలు, పైభాగం వెనక్కి నిలిపి, గొట్టం గోడ వైపు తిప్పి. కుడి పక్కన ఒక్క తూటా, నిలువుగా నిలబడి ఉంది.

దాని చుట్టూ దుమ్ములో చిన్న చిన్న గీతలు. ముందు అర్థం కాలేదు. తరవాత తెలిసింది. తూటా పడిపోయి దొర్లింది. మళ్ళీ నిలబెట్టాడు. మళ్ళీ దొర్లింది. మూడోసారికి నిలబడింది. ఆ చేతులు వణకడం నేను ముప్పై ఒక్క ఏళ్ళలో చూడలేదు.

"నొప్పి మొదలయ్యాక దిగాడా?" అంది లూపే. "పైకి పరిగెత్తి కేకేయవచ్చు గదా. పైన మనుషులున్నారు."

"పైన పిల్లలున్నారు" అన్నాను.

డాక్టరు చెప్పిన పది నిమిషాలు అక్కడే ఉన్నాయి, ఆ పెట్టెలో, వరసగా సర్ది.

ఆయన పెట్టెకు తాళం వేశాడు, గదికి తాళం వేశాడు. పిస్తోలు మాత్రం నోరు తెరిచే ఉంచాడు. ఎందుకో లూపేకి తెలీదు. రెండో జత కళ్ళు ఇంకా చూడలేదు కాబట్టి.

"లూపే, దాన్ని కొంచెం ఇటు తిప్పు."

తిప్పింది. వంగి చూశాను. చిటికెన వేలు ముందుకు వెళ్ళింది. లూపే వద్దనబోయి నా ముఖం చూసి ఊరుకుంది. లోపల ఇనుము చల్లగా, శుభ్రంగా ఉంది.

"ఖాళీ" అన్నాను.

పైన పియానో ఆగింది. ఎక్కడో ఒక తలుపు మెల్లగా, చాలా మెల్లగా మూసుకుంటూ వచ్చి, గడి పడింది.

లూపే తల ఎత్తి పైకప్పు వైపు చూసింది. "ఎవరో వెళ్ళినట్లున్నారు" అంది, గొంతు తగ్గించి.

నేను లేచి నిలబడ్డాను. నా గౌను మోకాళ్ళ దగ్గర ఎర్రగా అయింది. దులుపుకోలేదు.

"నీ పుస్తకం తియ్యి" అన్నాను. "ఎక్కడ దొరికిందో, ఎలా దొరికిందో నేను చెప్తా, రాసుకో. మొదటి ముక్క, మరుగుదొడ్డిలో కాదు. అది డూలీకి చదివి వినిపించు."