ఒట్టి గిన్నె ప్రేమకుమారి

మా వీధి ప్రేమకుమారి ఇంటింటా గిన్నెలు అడుక్కొని త్రిపురాంతకంలో అమ్ముకుంటుందని మార్కాపురంలో సగం మంది నమ్మినారు. ఆ మాట అబద్ధం. ఎంత అబద్ధమో నాకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు, ఎందుకంటే ఆ పుకారును నాలుగిళ్ళకు మోసింది నేనే.

ప్రేమకుమారికి ఉన్నది ఒకటే పిచ్చి. పొద్దున్నే తలుపు తట్టి "ఒట్టి గిన్నె ఏదన్నా ఉంటే ఇయ్యక్కా" అంటుంది. చక్కెర అడగదు, కాఫీపొడి అడగదు. గిన్నె, అదీ ఒట్టిది. ఇచ్చినా నమ్మదు. బోర్లించి, అడుగు మీద రెండు దెబ్బలు కొట్టి, అప్పుడు చంకలో పెట్టుకుంటుంది. ఒకసారి నేను మరిచిపోయి అడుగున నాలుగు చింతకాయలతో ఇస్తే, "ఇందులో ఏందో ఉందక్కా, ఇది నాకు పనికిరాదు" అని చింతకాయలతో సహా వెనక్కి ఇచ్చి పోయింది. చింతకాయలు తీసుకొని గిన్నె ఇచ్చేవాళ్ళను చూసినా, గిన్నె తీసుకొని చింతకాయలు ఇచ్చేవాళ్ళను చూసినా. రెండూ వద్దనే మనిషిని ఈమెనే చూసినా.

ఎందుకు ఈ గిన్నెలు అని అడగకుండా ఉంటే నేను నేనెట్ల అవుతాను? అడిగినా. బైబిల్లో ఒక విధవరాలికి ఇంట్లో కాసింత నూనె తప్ప ఇంకేమీ లేదంట. ఎలీషా అనే ప్రవక్త వచ్చి, ఇరుగుపొరుగు దగ్గర ఒట్టి పాత్రలు తెచ్చుకో, కొంచెం తెచ్చి ఊరుకోవద్దు అన్నాడంట. తెచ్చినవన్నీ నూనెతో నిండినాయంట.

"నమ్మకమంటే అది అక్కా. నూనె కనపడకముందే గిన్నెలు పోగెయ్యడం."

"మరి నీ నూనె ఎప్పుడొస్తాదే?"

"వచ్చినప్పుడు వస్తాది. అది వచ్చినాక గిన్నెల కోసం పరిగెత్తమంటావా?"

గిద్దలూరు హాస్టల్లో ఇరవై రెండేళ్ళు వంట చేసిన మనిషి. బైబిలును కూడా వంటమనిషిగానే చదువుతుంది. ఐదు రొట్టెలు, రెండు చేపలతో ఐదువేల మంది కడుపు నిండిన కథ చెప్పి, ఆ రొట్టెలు కాల్చినామె పేరు ఎవరూ రాయలేదని ఇప్పటికీ కోపం చేసుకుంటుంది. ఎడారిలో ఆకాశం నుంచి పడ్డ మన్నాను రేపటికని దాచుకుంటే పురుగు పట్టిందంట, అందుకని ఇంట్లో ఫ్రిజ్జు పెట్టుకోలేదు. నేను శనివారం ఒక్కపొద్దున్నప్పుడు మాత్రం ఆమె దగ్గర కూర్చోకూడదు. ఏ కథ ఎత్తుకున్నా చివరికి ఎవరో ఒకరు కడుపునిండా తింటారు.

తీసుకున్న గిన్నెను ఒట్టిగా తిరిగి ఇయ్యకూడదనేది మా పక్క ఆనవాయితీ. ఏమీ లేకుంటే చిటికెడు చక్కెరైనా వేసి ఇస్తాం. కుమారి తెచ్చిచ్చే గిన్నెలోనూ గుప్పెడు శనక్కాయలో, నాలుగు పచ్చిమిరపకాయలో ఉండేవి. కాబట్టి ఆమె పిచ్చితో మాకేమీ నష్టం లేకుండా జరిగిపోతా ఉండేది, పద్మజ పాల క్యాను వచ్చిందాకా.

పద్మజది ఎదురిల్లు. ఆమె క్యాను ఐదేళ్ళుగా కారతా ఉండేది. కుమారి తీసుకుపోయి తెచ్చిచ్చినాక కారడం ఆగిపోయింది. సంతోషపడాల్సింది పోయి పద్మజకు అనుమానం పట్టింది. నా క్యాను కారతాది, ఇది కారడం లేదు, అంటే ఇది నాది కాదు అంది. అడుగున నీ పేరే కొట్టించి ఉంది గదా అంటే, పేరు ఎవరైనా కొట్టించొచ్చు అంది. అదే వారం ఆటో పవన్, కుమారి గోతం నిండా గిన్నెలతో త్రిపురాంతకం బస్సు ఎక్కడం చూసినాడు. ఇంకేం కావాల? మధ్యాహ్నానికి నేను నాలుగిళ్ళు తిరిగేసినా. సాయంత్రానికి ఆమెకు ఎవరూ గిన్నె ఇయ్యకూడదని వీధంతా ఒక మాట మీదికి వచ్చినాం.

మూడు రోజులు నా తలుపు ఎవరూ తట్టలేదు. నాలుగో పొద్దున నాకే ఉండబట్టక, నా గిన్నె ఏదని అడిగే వంకతో ఆమె ఇంటికి పోయినా. మాట్లాడతానే డబ్బాల మూతలన్నీ తీసి చూసినా, అది నా అలవాటు. కందిపప్పు డబ్బా అడుగంటింది. పొయ్యి మీద పెద్ద డేగిసా నిండా అన్నం, పప్పు. నలుగురికి వండటం ఆమెకు చేతకాదు. పక్కన మూత పెట్టిన పెద్ద సత్తు గిన్నె. మూత మీద పేరు చూస్తే శ్రీశైలమ్మది.

శ్రీశైలమ్మ వీధి చివర ఇంట్లో ఉండేది, గొర్రెలు మేపే ఎర్రయ్య పెళ్ళాం. ఆ ఏడు వానలకు రోగం తగిలి మంద మొత్తం పోయింది. ఎర్రయ్య కురిచేడు పక్క ఎవరిదో మంద మేపను పోయినాడు. ఇంట్లో ఆమె, ఇద్దరు ఆడపిల్లలు. మహా అభిమానం మనిషి. నేనొకసారి కూర పంపిస్తే, ఇప్పుడే తిన్నామని మూత కూడా తియ్యకుండా తిప్పి పంపింది. ఇప్పుడు ఎర్రయ్య మంద మళ్ళీ ఎనభై దాటింది, ఈ కథ శ్రీశైలమ్మే నవ్వుకుంటా చెప్తుంది కాబట్టి నేనూ రాస్తున్నా.

"ఏమే, ఈ గిన్నె ఇంకా ఇయ్యలేదా?" అన్నా.

"ఎట్ల ఇచ్చేది? వీధిలో అందరి గిన్నెలూ తిరుగుతా ఉంటే అందులో ఆమెదీ ఒకటి. ఇప్పుడు ఆమె ఒక్కదాని గిన్నే నింపి తీసుకుపోతే తెలిసిపోదా? ఇంక జన్మలో గిన్నె ఇయ్యదు. మూడు రోజులాయె అక్కా, ఆ పిల్లలు ఏం తింటున్నారో ఏమో."

ఆమె నోట బైబిలు లేకుండా అంత పెద్ద మాట రావడం అదే మొదలు. ఊరికే పెడితే తీసుకోని మనిషి కూడా, తన గిన్నె నిండి తిరిగొస్తే కాదనలేదు. ఆ ఒక్క గిన్నె కోసం వీధి గిన్నెలన్నీ తిప్పింది. మరి త్రిపురాంతకం ఏందని అడిగితే, అక్కడ తమ్ముడు అంకన్నకు వెల్డింగు దుకాణం ఉందంట, కారే గిన్నెలకు అతుకులు వేయించిందంట. ఇన్నాళ్ళూ గిన్నె ఒట్టిదా కాదా చూసుకుంటుందనుకున్నాం గాని, బోర్లించి కొట్టేది చిల్లుల కోసం కూడానంట.

పుకారు మోసిన నోరు నాకు ఉండనే ఉంది. మళ్ళీ అదే నాలుగిళ్ళు తిరిగి, కుమారి తమ్ముడు కారే గిన్నెలు ఊరికే అతికిస్తాడంట అన్నా. అంతే. పది నిమిషాల్లో వీధి నిండా గిన్నెలు. పద్మజ మూడు తెచ్చింది, అందులో ఒకటి కుక్కరు మూత. ఆ సందట్లో కుమారి సత్తు గిన్నె ఎత్తుకొని వీధి చివరికి పోయి, "శ్రీశైలమ్మా, నీ గిన్నె ఇదిగో, ఇంకో ఒట్టిది ఇయ్యి" అని అందరికీ వినపడేట్టు అడిగింది. శ్రీశైలమ్మ మా అందరి చేతుల్లో గిన్నెలు చూసింది. నిండు గిన్నె అందుకొని, లోపలికి పోయి ఒకటి తెచ్చింది. కుమారి దాన్ని బోర్లించి, రెండు దెబ్బలు కొట్టింది.

మర్నాడు పొద్దున నేనే ఆమె తలుపు తట్టినా, నా పెద్ద గిన్నె నిండా కందిపప్పుతో. తట్టినదాన్ని ఊరుకోకుండా ముఖం మీదే అడిగేసినా.

"కుమారీ, దేవుడు నింపుతాడు నింపుతాడు అంటావే, నింపేది నువ్వే గదా?"

అలవాటు కొద్దీ నా గిన్నె బోర్లించబోయి, బరువుకు ఆగింది. మూత తీసి చూసింది. ఇందులో ఏందో ఉందని వెనక్కి మాత్రం ఇయ్యలేదు.

"నేనా? మరి ఈ కందిపప్పు నేను పంపించుకున్నానా అక్కా?"