శుభ్రం చేసిన చెయ్యి

టైలరమ్మకు కోపం ముక్కు మీదే ఉంటుందని వీధి వీధంతా అంటుంది. అబద్ధమేం కాదు. ప్యాంటు పొట్టి చెయ్యమని ఇచ్చి, తీరా పొట్టిదైపోయిందని దెబ్బలాడే వాళ్ళతో ముప్పయ్యేళ్ళు వేగితే ఎవరికైనా పిచ్చెక్కుతుంది. అలాంటి మనిషి శనివారం సాయంత్రమయ్యేసరికి మిషను మీద గుడ్డ కప్పి, పాత కెమెరా మెళ్ళో వేసుకుని, లైబ్రరీ మేడ మీద జరిగే ఫోటో క్లబ్బుకు పోతుంది. అక్కడ నెలకో పరీక్ష పెడతారు. ఒకసారి నీడలు మాత్రమే తియ్యాలి. ఇంకోసారి పన్నెండు ఫోటోలే తియ్యాలి, ఒక్కటీ చెరపకూడదు.

ఈసారి పరీక్ష, ముఖం చూపించకుండా ఒక మనిషిని చూపించడం.

ఆమెకు వెంటనే అక్క తట్టింది. అక్క లాండ్రీలో పనిచేసే రోజుల్లో ఆవిరి ఇస్త్రీ యంత్రం ఆమె కుడిచేతిని పట్టేసింది. మణికట్టు నుంచి వేళ్ళ దాకా చర్మం ముడుచుకుపోయింది. ఇరవయ్యేళ్ళుగా మండుటెండలో కూడా చేతికి తొడుగు లేకుండా గడప దాటలేదు. చెల్లెలు మూడు వారాలు బతిమాలింది, అలిగింది, తిట్టింది. చివరికి అక్క, "నీ పోరు పడలేక చస్తున్నా, ఒక్కసారే" అంటూ వంటింటి కిటికీ దగ్గర చెయ్యి చాపింది. ఫోటోని తన చేతి పక్కన పెట్టి చూసుకుంది. తర్వాత, "గోడకి పెడితే చూడ్డానికొస్తా" అంది.

ప్రదర్శన రోజు టైలరమ్మ తన ఫోటో ముందు కొయ్యబారిపోయింది. కిటికీ అదే, వెలుగూ అదే. చెయ్యి మాత్రం సబ్బు ప్రకటనలో చెయ్యిలా నున్నగా ఉంది. కింద మొదటి బహుమతి చీటీ. అరికాలి మంట నెత్తికెక్కింది.

ఇది క్లబ్బు అధ్యక్షుడి పని. రిటైరైన పళ్ళ డాక్టరు. గోడకెక్కే ప్రతి ఫోటోనీ ముందు తన కంప్యూటర్లో శుభ్రం చెయ్యకపోతే ఆయనకు నిద్ర పట్టదు. దుమ్ము చుక్కలు, కరెంటు తీగలు, గోడ మరకలు, అన్నీ తీసేస్తాడు. ఇన్నాళ్ళూ అందరూ థాంక్స్ చెప్పారు. ఈమె కూడా చెప్పింది. అది గుర్తొచ్చి ఇంకా ఒళ్ళు మండింది.

"ఎవర్నడిగి చేశారండీ?" అంటూ ఆయన మీదికి వెళ్ళింది.

"కోపమెందుకమ్మా? అందరివీ చేస్తాగా. మరీ వికారంగా ఉంది, చూసేవాళ్ళు జడుసుకోరూ? తుడిచాను కాబట్టే బహుమతొచ్చింది."

"నీ బహుమతి తగలెయ్య! మా అక్క చెయ్యి తుడవడానికి నువ్వెవరివయ్యా? దాన్ని ఒప్పించేసరికి నా తలప్రాణం తోకకొచ్చింది. ఇప్పుడది వస్తే ఏం చెప్పను? నీ చెయ్యి గోడకి పనికిరాదన్నారని చెప్పనా?"

గదిలో అందరూ ఒకవైపే చూస్తున్నారు. టైలరమ్మ కూడా తిరిగి చూసింది. గుమ్మం దగ్గర అక్క. చేతికి తొడుగు లేదు. ఎప్పుడొచ్చిందో, అంతా వినేసింది.

అక్క తిన్నగా వచ్చి ఫోటో చూసింది. అధ్యక్షుడి వైపు తిరిగి, ఆ కుడిచెయ్యి ఆయన ముఖం ముందు చాపింది.

"దీన్నెప్పుడు తుడుస్తారు డాక్టరుగారూ?"

ఆయన తల పక్కకు తిప్పుకున్నాడు.

"చూడండి" అంది అక్క. "మీరు చూసేదాకా దించను."