జనవరిలో కారు పూజ

అమెరికాలో, మిషిగన్‌లోని ఫార్మింగ్టన్ హిల్స్‌లో మా రూమ్మేటూ నేనూ కలిసి ఒక పాత కారు కొన్నాం. రిమోట్ లేని బండి, తాళంచెవితోనే తియ్యాలి. జనవరి నెల. ఆ ఆదివారం కాస్త ఎండ కాసి మంచు కరిగింది. అంతే, మావాడు పూజ చెయ్యాలన్నాడు. సరే కానివ్వు అన్నాను. కడగని బండికి పూజేమిటని రెండు బకెట్ల నీళ్ళు తెచ్చి తలుపులూ అద్దాలూ శుభ్రంగా కడిగాడు. పసుపు, కుంకుమ, టైర్ల కింద నిమ్మకాయలు, హారతి. నేనూ కళ్ళకద్దుకున్నాను, దాచడమెందుకు.

మర్నాడు తొమ్మిదింటికి నాకు ఇంటర్వ్యూ. చదువయ్యాక కొన్నాళ్ళు పని చేసుకోడానికిచ్చే ఓపీటీ అనుమతి మీద ఉన్నాను. ఇంకో పదిరోజుల్లో ఉద్యోగం దొరక్కపోతే ఇండియాకి పెట్టె సర్దుకోవాల్సిందే. ఏడున్నరకు కిందికి వెళ్తే తాళంచెవి దూరనే లేదు. కడిగిన నీళ్ళు రాత్రి చలికి తాళాల్లో గడ్డకట్టాయి.

నాకు కోపం నషాళానికంటింది. "నీ భక్తి తగలెయ్య! జనవరిలో బండికి తలంటు పోస్తావురా? బుర్రుందా నీకు?" అని పార్కింగ్ లాటంతా వినపడేలా అరిచాను.

"ఆగు మామా, టెన్షన్ తీస్కోకు, ఒక్క నిమిషం," అని లోపలికి పరిగెత్తి హారతి పళ్ళెం పట్టుకొచ్చాడు. కర్పూరం వెలిగించి, తాళంచెవి ఆ మంటలో కాల్చి, గుచ్చి చూశాడు. మళ్ళీ కాల్చాడు. గ్లౌజులతో పట్టు చిక్కడం లేదని తీసేశాడు. నేను వాచీ చూసుకుంటూ పక్కన నిలబడి తిడుతూనే ఉన్నాను. ఏడోసారికో ఎనిమిదోసారికో తాళం తిరిగింది. బిగుసుకుపోయిన తలుపును ఇద్దరం కలిసి లాగాం. నేను వాడి వంకైనా చూడకుండా ఎక్కి వెళ్ళిపోయాను.

ఐదు నిమిషాల ముందే చేరాను. అడిగినవన్నీ చెప్పాను. వచ్చే సోమవారం నుంచి రమ్మన్నారు.

సాయంత్రం ఇంట్లో అడుగు పెడుతూనే "వచ్చిందిరా!" అని కేకేశాను. వాడు సోఫాలో కూర్చుని పప్పన్నం తింటున్నాడు. "నేను చెప్పలే? పూజ చేసినం కదా మామా," అని నవ్వాడు.

స్పూన్‌తో అన్నం తినేవాళ్ళని చూస్తే వాడికి ఒకటే వెక్కిరింత. అలాంటివాడి ఎడంచేతిలో స్పూనుంది. కుడిచేతి మూడు వేళ్ళకీ గుడ్డ చుట్టుంది.

నాకు సిగ్గేసింది. గిన్నె తెచ్చి ఇంకాస్త పప్పు వడ్డించాను.

"నెయ్యి కూడా వెయ్యి," అన్నాడు.