శనివారం మాట్లాడని అవ్వ

ఎలీషబా చిన్నప్పుడు చర్చి సండేస్కూల్లో పాస్టరు అయ్యగారిని ఒక ప్రశ్న అడిగింది. "నోవహు ఓడలోకి అన్ని జీవాలూ జతలు జతలుగా ఎక్కినాయి గదా అయ్యగారూ, మరి చెదపురుగులు గూడా ఎక్కినాయా? ఓడేమో కొయ్యది గదా?" పాపం, ఆయన కంభం నుంచి ఎండలో సైకిలు తొక్కుకుంటూ వచ్చిన మనిషి. కాసేపు నీళ్లు నమిలి, "కూర్చో తల్లీ" అన్నాడు. ఇంటికొచ్చాక వాళ్లమ్మ మగ్దలీనమ్మ వీపు విమానం మోత మోగించింది. దెబ్బలు తిని ఏడుస్తూనే ఎలీషబా మళ్లీ అడిగింది, "ఇంతకీ ఎక్కినట్టా, ఎక్కనట్టా?" అని.

అదీ మనిషి. గిద్దలూరు దగ్గర వాళ్ల పల్లెలో అందరూ ఆమెను వసపిట్ట అనేవాళ్లు. వాళ్ల నాయన దేవదానం ఒక్కడే, కూలికి పోయి వచ్చి మంచం మీద వాలి, "ఈ పొద్దు ఎవర్ని ఏమడిగినావమ్మే?" అని పిలిచి మరీ చెప్పించుకుని నవ్వేవాడు. ఇంటర్ అయింది, పెళ్లయింది, ఇద్దరు పిల్లలు పుట్టారు, పొదుపు సంఘాల మీటింగులు నడిపింది. ఎన్నయినా ఆ అడిగే గుణం మాత్రం పోలేదు.

జిల్లాలు విడగొట్టి ప్రకాశంలో కొంత అటూ కొంత ఇటూ పోయిన మరుసటి ఏడాది, గిద్దలూరు బస్టాండు వెనక సందులో ఒక ట్రస్టు వాళ్లు పిల్లల కోసం మనసు క్లినిక్ తెరిచారు. భయాలున్న పిల్లలు, బడికి పోనని మొండికేసే పిల్లలు, ఊరికే కోపమొచ్చే పిల్లలు అక్కడికి వస్తారు. బుధవారం బుధవారం ఒంగోలు నుంచి సైకాలజిస్టు వస్తుంది. ఆమె మందులిచ్చే డాక్టరు కాదు, అయినా అందరికీ డాక్టరమ్మే. ఆమెకు చేదోడుగా ఉండి, ఊళ్లు తిరిగి తల్లిదండ్రులతో మాట్లాడే పనికి ఎలీషబాను తీసుకున్నారు. మాట్లాడినందుకు జీతమిస్తారంటే వాళ్లమ్మ నెలరోజులు నమ్మలేదు.

శిక్షణ మొదటిరోజే డాక్టరమ్మ చెప్పింది, "ఇక్కడ మనకు తోచిన వైద్యం చేయం. పిల్లల మీద పరీక్షించి, పనిచేస్తుందని తేలినదే చేస్తాం."

"ఎట్ల తేలుస్తారు మేడం?"

"ఒకే రకం ఇబ్బంది ఉన్న పిల్లల్ని చీటీలు వేసి రెండు గుంపులు చేస్తారు. ఒక గుంపుకి వైద్యం మొదలుపెడతారు. రెండో గుంపుని కొన్నాళ్లు ఆగమంటారు. తర్వాత రెండు గుంపుల్నీ పోల్చి చూస్తారు."

"మరి ఆగమన్న పిల్లోళ్లు ఏమైపోయినారు మేడం?"

ఆ ప్రశ్న డాక్టరమ్మను ఇంతవరకు ఎవరూ అడగలేదట. "వాళ్లకీ తర్వాత ఇస్తారులే" అంది. "అట్లయితే సరే" అని, అదేదో తను అనుమతి ఇవ్వాల్సిన విషయమైనట్టు ఎలీషబా కూర్చుంది.

ఎండలు తగ్గి బళ్లు తెరిచిన కొత్తలో కొమరోలు నుంచి సుబ్బరత్నమ్మ మనవరాలిని వెంటబెట్టుకుని వచ్చింది. వాళ్లది కిరాణా కొట్టు. కొడుకు కోటేశ్వర్లు, కోడలు కొట్టు చూసుకుంటారు, పిల్లను సాకింది ఈమె. పిల్ల పేరు అనంతలక్ష్మి, మూడో తరగతి. ఇంట్లో ఉంటే దాని నోటికి మూతే ఉండదట. గడప దాటితే మాత్రం ఒక్క ముక్క రాదు. బళ్లో చేరిన నాటి నుంచి టీచర్లు ఆ పిల్ల గొంతే వినలేదు.

"వసకొమ్ము అరగదీసి అరగదీసి నాకించినా అమ్మాయ్. నాలుక పొక్కిందే గానీ మాట రాలా" అంది సుబ్బరత్నమ్మ. ఇప్పుడు హెడ్మాస్టరు ప్రభాకరరావు పిలిచి చెప్పాడట, దసరా సెలవుల్లోపు పిల్ల బళ్లో నోరు విప్పకపోతే ఒంగోలులో మూగపిల్లల హాస్టలుకి రాసి పంపుతానని. ఆయన చెడ్డవాడేం కాదు. పాఠం అప్పజెప్పని పిల్లకి ఏం వచ్చో ఏం రాదో తనకెట్లా తెలుస్తుందని ఆయన బాధ. "మాటలొచ్చే పిల్లను మూగోళ్లలో పడేస్తే నిజంగానే మూగదైపోతాది గదమ్మా" అని ముసలామె కళ్లనీళ్లు పెట్టుకుంది.

డాక్టరమ్మ పిల్ల వైపు తిరిగి, "నీకు ఏ పండంటే ఇష్టం?" అని అడిగింది. అనంతలక్ష్మి రాయిలా బిగుసుకుపోయింది. మెల్లిగా అవ్వ కొంగు లాగింది. అవ్వ వంగింది. పిల్ల చెవిలో గుసగుసలాడింది. "సీతాఫలం అంట!" అని అవ్వ గట్టిగా చెప్పింది. ఆ తర్వాత అడిగిన ప్రతిదానికీ అంతే, కొన్నింటికి పిల్ల కొంగు లాగకముందే జవాబు వచ్చేసింది.

"గొంతు బాగుంది, చెవులు బాగున్నాయి. ఇది మొండితనం కాదు, భయం" అని డాక్టరమ్మ చెప్పింది. చేయాల్సిన పని కూడా చెప్పింది. పిల్లను మాట్లాడమని బలవంతపెట్టకూడదు. బాగా తెలిసినవాళ్లతో ఆడుకుంటుంటే కొత్తవాళ్లు కొంచెం కొంచెంగా దగ్గరికి రావాలి. ముఖ్యంగా, ఎవరైనా పిల్లను అడిగితే పిల్ల తరఫున ఇంకొకరు చెప్పకూడదు, ఆగి చూడాలి.

"అంటే నా నోరు కట్టేసుకోవాల్నా?" అంది సుబ్బరత్నమ్మ.

ఎలీషబాకు లోలోపల నవ్వొచ్చింది, ఈ ముసలామెలో తనకు తనే కనబడింది. పాపం సుబ్బరత్నమ్మ ప్రయత్నించకపోలేదు. బుధవారాలు క్లినిక్‌లో కొంగు నోట్లో కుక్కుకుని కూర్చునేది. పిల్ల కళ్లలో బెదురు కనిపించగానే కొంగు తీసి జవాబు చెప్పేసేది, మళ్లీ నాలుక కరుచుకునేది. శ్రావణం దాటిపోయింది. పిల్ల ఎలీషబా ముందు నవ్వడం నేర్చుకుంది గానీ మాట మాత్రం లేదు.

కొట్టు దగ్గర పిల్ల ఎట్లా ఉంటుందో చూద్దామని ఎలీషబా ఒక శనివారం బడి వదిలే వేళకు చేరేట్టు కొమరోలు బస్సెక్కింది. తిన్నగా లోపలికి పోతే పిల్ల బిగుసుకుపోతుందని పక్కనున్న టైలరు అరుగు మీద కూర్చుంది. కొట్లో అవ్వా మనవరాలే ఉన్నారు. ఒక ముసలాయన వచ్చి అచ్చు బెల్లం అడిగాడు. సుబ్బరత్నమ్మ చేతులు తిప్పింది, తల ఊపింది, నోరు మాత్రం తెరవలేదు. ముసలాయనకు ఒక్క ముక్క అర్థం కాలేదు. "ఏంది సుబ్బరత్నమ్మా, ఉందా లేదా?" అని విసుక్కున్నాడు. బియ్యం బస్తా మీద కూర్చున్న అనంతలక్ష్మి అవ్వను చూసింది, ముసలాయన్ను చూసింది.

"అయిపోయింది తాతా. మా నాయన గిద్దలూరు పోయినాడు తెచ్చేదానికి."

చిన్న గొంతు, కొంచెం బొంగురు. ఆహా, ఈ గొంతు కోసమేనా ఇన్ని బుధవారాలు కాచుక్కూర్చున్నది!

సంగతేమిటని టైలరును ఆరా తీస్తే తెలిసింది. మనవరాలికి మాట రావాలని ఆషాఢం నుంచి సుబ్బరత్నమ్మ వెంకటేశ్వరస్వామికి మొక్కి, శనివారం పొద్దు పొడిచిన కాడి నుంచి దీపం పెట్టేదాకా మౌనవ్రతం పడుతోందట. వ్రతం ఫలిస్తోందని వీధంతా చెప్పుకుంటున్నారు, శనివారాలు పిల్ల అంతో ఇంతో పలుకుతోంది మరి. క్లినిక్‌లో చెబితే నవ్వుతారని అవ్వ అక్కడ మాత్రం ఈ సంగతి ఎత్తలేదట.

ఒక్కసారి చూసి నమ్మేసే రకం కాదు మన ఎలీషబా. మంగళవారం అదే వేళకు మళ్లీ పోయింది. అవ్వే మాట్లాడుతోంది, పిల్ల బస్తా మీద బొమ్మలా కూర్చుంది. ఆపై శనివారం మళ్లీ పోయింది. అవ్వ మౌనం, పిల్ల మాట. ఇంటికొచ్చి వాళ్లమ్మకు చెబితే, "మనం ఉపవాస ప్రార్థనలో ఆ పిల్ల పేరు పెట్టినాం గదా, అందుకే" అని మగ్దలీనమ్మ దేవునికి స్తోత్రం చెప్పుకుంది.

"మరి శనివారమే ఎందుకమ్మా? మన ప్రార్థన శుక్రవారం గదా?"

మగ్దలీనమ్మ చీపురు అందుకుంది.

డాక్టరమ్మ విని పకపకా నవ్వింది. "ముసలామె చేస్తున్నది మన వైద్యమే కదా! శనివారం పిల్లకి బదులు చెప్పేవాళ్లు లేరు. మిగతా రోజుల్లో కూడా చేయించు" అంది. చెప్పినంత సులువా? వ్రతం వారంలో మిగతా రోజులకూ పెంచమని దేవుడి పేరు మీద చెబితే అవ్వ ఒప్పుకునేదే. కానీ అబద్ధం చెప్పి చేయించడానికి ఎలీషబాకు మనసొప్పలేదు. ఉన్నదున్నట్టే చెబుదామని పోయింది.

"అవ్వా, దేవుడి సంగతి నాకు తెలీదు. ఆయన్ని కాదనే ధైర్యం గూడా లేదు. నా కళ్లతో చూసింది చెప్తా. నువ్వు నోరు మూసిన పొద్దు పాప నోరు తెరుస్తాంది. నువ్వు మాట్లాడే పొద్దు మూసుకుంటాంది."

సుబ్బరత్నమ్మ చేతిలో చేట ఆగిపోయింది. "అంటే ఏంది నువ్వనేది? నా మనవరాలి గొంతు నొక్కింది నేనేనా?"

"అట్ల గాదవ్వా..."

"ఇంకెట్ల? ఎవరన్నా పలకరిస్తే బిడ్డ వణికిపోయి నా కొంగు పట్టుకుంటాది. దాని మాట నేను గాక ఎవరు చెప్పాల? ఊరోళ్లా?"

"భయపడింది పాప, మోసింది నువ్వు. నీ తప్పు లేదు. కానీ ఎప్పుడూ చంకలోనే ఉంటే నడక యాడ నేర్చుకుంటాది అవ్వా?"

"లే. లేచి పో నా కొట్లోంచి."

తిరుగు బస్సులో ఎలీషబాకు ఏడుపు ఆగలేదు. డాక్టరమ్మ కూడా, "చెప్పింది నిజమే, చెప్పిన తీరు మొరటు. ఆమె చేసిన మంచి ముందు చెప్పి ఉండాల్సింది" అంది. ఆ బుధవారం సుబ్బరత్నమ్మ రాలేదు, ఆ తర్వాతా రాలేదు. దసరా సెలవులు అయిపోయాయి. బడి తెరిచిన సోమవారం పొద్దున్నే, పిల్ల విషయం తేల్చాలని హెడ్మాస్టరు సుబ్బరత్నమ్మకు కబురు పెట్టాడని తెలిసి, ఎవరూ పిలవకపోయినా ఎలీషబా కూడా పోయింది.

ప్రభాకరరావు గదిలో అవ్వ బెంచీ మీద కూర్చుంది, పిల్ల ఆమెను ఆనుకుని నిలబడింది. సుబ్బరత్నమ్మ ఎలీషబా వైపు కన్నెత్తి చూడలేదు.

"పాపా, నీ పేరేంటమ్మా?" అన్నాడు ఆయన. జవాబు లేదు. బల్ల మీదున్న కాగితం ముందుకు లాక్కుని, "ఒంగోలు పంపిద్దామా మరి?" అన్నాడు. అనంతలక్ష్మి పెదవులు తెల్లబడ్డాయి. కొంగు లాగింది. అవ్వ వంగింది. పిల్ల చెవిలో ఏదో చెప్పింది. సుబ్బరత్నమ్మ విన్నది, మెల్లిగా నడుమెత్తి నిటారుగా కూర్చుంది. నోరు తెరవలేదు.

"ఏందమ్మా, పాప ఏదో చెప్పింది గదా? ఏమంటాంది?"

అవ్వ కళ్లలోంచి నీళ్లు కారిపోతున్నాయి, దవడలు బిగించుకుని కూర్చుంది. "పాపకు రాదు సరే, నీకూ రాదా మాట?" అని ఆయన విసుక్కున్నాడు. ఎలీషబా నాలుక చివరిదాకా వచ్చింది జవాబు. ఆమె కూడా పళ్లు కరుచుకుంది. పుట్టి బుద్ధెరిగాక అంత కష్టమైన పని ఆమె చేసి ఎరగదు.

"మా అవ్వకు మాటలొచ్చు సార్."

ప్రభాకరరావు కాగితం మీంచి తలెత్తి చూశాడు.

"ఈ పొద్దు మాట్లాడదు. నేను చెప్తా" అంది అనంతలక్ష్మి. అవ్వ కొంగు వదల్లేదు, మాటా ఆపలేదు. "నన్ను ఒంగోలు పంపొద్దు సార్. అవ్వ ఏడుస్తాది."

ఆయన కాగితం తీసి సొరుగులో వేసేసి, "పంపను తల్లీ. పంపను" అన్నాడు. "తరగతిలో యాడ కూర్చుంటావు?" అని అడిగితే, "కిటికీ కాడ" అంది పిల్ల. ఆయా వచ్చి దాన్ని తరగతికి తీసుకుపోయింది.

వరండాలో ఇద్దరు ఆడవాళ్లూ పక్కపక్కనే నిలబడ్డారు. ఎలీషబా సంతోషానికి ఏం చేయాలో తెలియక అటూ ఇటూ చూస్తుంటే, గోడ మీది క్యాలెండరు కంటబడింది.

"అవ్వా, ఈ పొద్దు సోమవారం గదా? నీ వ్రతం శనివారం గదా?"

సుబ్బరత్నమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంది. వరండా ఆ చివర అనంతలక్ష్మి ఆయా చెయ్యి పట్టుకుని ఏదో చెబుతూ పోతోంది.

"నోరు మూసుకోమ్మే" అంది అవ్వ గొంతు తగ్గించి. "పిల్ల మాట్లాడతాంది."